గాజు పెట్టెలో నాడె

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా చెబితే మొహం మీదే నవ్వేదాన్ని. కోరుట్లలో జరిగింది మాత్రం నా చేత్తో ముట్టుకుని చూశాను.

మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. నేతపని ఇల్లు. పవర్‌లూమ్‌లు వచ్చాక మా నాయన తల్లి, మా అవ్వ, నేసిన చేతిమగ్గం మూలన పడింది. అయినా ఆమె దాన్ని విప్పనివ్వలేదు. చూపు పూర్తిగా పోయాక కూడా రోజూ ఆ కర్రలు తడుముతూ కూర్చునేది. ఈ గాటు మా అత్త కోపంలో పెట్టింది, ఈ నునుపు మీ తాత చేయి ఆనిన చోటు అని నాకు చెప్పేది. మా ఇంటి సంగతులన్నీ ఆ కర్రల్లోనే ఉండేవి.

అవ్వ జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా తమ్ముడు ఆ మగ్గాన్ని పెళ్లి మండపాలు అలంకరించే స్నేహితుడికి ఇచ్చేశాడు. ఎవరినీ అడగలేదు. నేను నిలదీస్తే, "ఇంట్ల చెదలు పట్టుడు కంటె నలుగురు చూస్తరు గద అక్కా" అన్నాడు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అవ్వకు మాత్రం రిపేరుకు పంపానని చెప్పాడు.

తర్వాత కోరుట్లలో చుట్టాల పెళ్లికి అవ్వను తీసుకుని వెళ్లాం. ఫంక్షన్ హాల్ గేటు లోపల 'మన పల్లె' అని బోర్డు. ఒక తిరుగలి, ఒక కావడి, నడుమ మా మగ్గం. చుట్టూ ప్లాస్టిక్ పూలు. జనం దాని మీద కాళ్లు పెట్టి సెల్ఫీలు దిగుతున్నారు. పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను వేరుగా గాజు పెట్టెలో పెట్టి మూత అతికించారు. నా ఒళ్లు మండిపోయింది. అవ్వకు తెలియకూడదని నోరు మూసుకున్నాను.

అవ్వ ఆగిపోయింది. నా చేయి వదిలేసి, దేనికీ తట్టుకోకుండా నేరుగా ఆ గాజు పెట్టె దగ్గరికి నడిచింది. దాని మీద చెయ్యి పెట్టి మెల్లగా అంది.

"కండె తడిపి పెట్టిండ్రు బిడ్డా. ఆరకముందుకే నెయ్యాలె."

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వుకే నాకు తిక్క రేగింది. డెకరేషన్ అతన్ని పిలిచి మూత తీయమన్నాను. అతికించాక దాన్ని ఎవరూ తీయలేదని, తీస్తే గాజు పగులుతుందని గొణిగాడు.

"నువ్వు తీస్తవా, నన్ను పలగ్గొట్టమంటవా?" అన్నాను.

కత్తితో బంక కోసి తీశాడు. నాడెలోంచి నూలు చుట్టిన కండెను బయటికి తీశాను. తడిగా ఉంది. కాస్త నొక్కితే నా వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. గాజు లోపల చెమ్మ లేదు. కింద పరిచిన గుడ్డ పొడిగా ఉంది. నేను బడికి పోయే రోజుల నుంచీ ఆ కండె ఎండిపోయే ఉంది. తమ్ముడు కూడా ముట్టుకుని చూశాడు. మళ్లీ నవ్వలేదు.

అవ్వ తనను మగ్గం దగ్గర కూర్చోబెట్టమంది. పెళ్లికూతురు ఫోటోల టైమైంది, జరగండని పెళ్లివాళ్లు అన్నారు. నేను పూలు పీకబోతే తమ్ముడు రెక్క పట్టి లాగాడు. అవ్వ గోడ పక్కన కుర్చీలో ఆ కండెను ఒళ్లో పెట్టుకుని, అది ఆరిపోయేదాకా వేళ్లతో రాస్తూనే ఉంది.

ఆ వానాకాలంలో ఆమె పోయింది. మగ్గం ఇప్పటికీ పెళ్లి హాళ్ల వెంట తిరుగుతూనే ఉంది. అడిగితే ఇవ్వరు.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఆ నీళ్లు ఎక్కడివో నాకు తెలియదు, తమ్ముడూ చెప్పలేడు. చూపులేని ముసలమ్మను తన మగ్గం ముందు కాసేపు కూర్చోనివ్వని ఆ జనం మీద కోపం మాత్రం నాకు ఇంకా తగ్గలేదు.