సున్నం డబ్బాలో పళ్లు

ఆ రోజుల్లో నా దగ్గర భూగర్భశాస్త్రం డిగ్రీ ఉండేది, ఉద్యోగం మాత్రం లేదు. అందువల్ల మానవపాడు పక్కన మా ఊళ్లో రాయికి సంబంధించిన ప్రతి సమస్యా నా దగ్గరికే వచ్చేది (బోరుకు అడ్డొచ్చిన బండ నుంచి మూత్రపిండంలో రాయి దాకా). ఆ హోదాలోనే ఒక పొద్దున చిన్నమ్మ ఇంటినుంచి పిలుపొచ్చింది. చిన్నాయన తమిళ దేశంలో సున్నపురాయి గనికి కూలికి పోయి, రాయి విరిగిపడి చనిపోయాడు. దహనం కూడా అక్కడే చేశారు. పనికి తీసుకుపోయిన మేస్త్రీ వచ్చి అస్థికల కుండ, చిన్నాయన తంబాకు సున్నం డబ్బా ఇచ్చి, "రాయి రొమ్ము మీద పడ్డదమ్మా, మొఖం మంచిగనే ఉండె" అని చెప్పి వెళ్లాడు. చిన్నమ్మ డబ్బా మూత తీస్తే లోపల నల్లటి చిన్న పళ్లు.

"మేస్త్రీ అబద్ధమాడిండు రా. మొఖం పగిలింది. పండ్లు ఏరి గిండ్ల ఏసిండ్రు. గివి మీ చిన్నాయనవే గదా?"

ఇంటినిండా చుట్టాలు. అందరూ నావైపే చూశారు (నా చదువును మా వాళ్లు పట్టించుకున్న మొదటి సందర్భం అది). భూతద్దం తెచ్చుకుని వాకిట్లో ఎండలో కూర్చున్నాను. పన్ను సూదిమొనలా ఉంది, పైనుంచి కిందికి సన్నటి గీతలున్నాయి, మొదలు దగ్గర కుచ్చిళ్లు పెట్టినట్టు ముడతలు. నమిలే చదునైన భాగం ఎక్కడా లేదు. ఒక పక్క సున్నపురాయి ఇంకా అంటుకునే ఉంది. నమ్మకం కోసం అద్దంలో నా నోరు కూడా తెరిచి చూసుకున్నాను.

"సావింట్ల నీ పండ్లు సూసుకుంటున్నవేంది రా?" అని మేనత్త కసిరింది.

"చిన్నమ్మా, గివి చిన్నాయనవి గావు. మనుషులు పుట్టకముందు ఆ గని జాగల సముద్రముండె. అండ్ల చేపల లెక్క ఈదే పెద్ద బల్లులుండె. గవాటి పండ్లే రాయయినయ్."

"బల్లివా?"

"బల్లివే."

"మొఖం?"

"మొఖం సంగతి నాకు తెల్వదు చిన్నమ్మా. పండ్లయితే ఆయనవి గావు."

కుండ వచ్చినప్పటినుంచి కన్నీటిచుక్క రాల్చని మనిషి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "నీకోసమే ఏరిండు. ఫోన్ల అంటుండె, రాళ్ల పోరనికి ఏమన్న తెస్త అని" అంది.

మర్నాడు బీచుపల్లిలో కృష్ణలో అస్థికలతోపాటు ఆ పళ్లనూ వదిలింది. మ్యూజియం అంటూ ఏదో గొణిగాను. "సముద్రం జీవాలు గదా, ఈ నీళ్లు పోయేది ఆడికే. ఆయనకు తోడుంటయ్" అంటూ ఒక్కటి మాత్రం నా చేతిలో పెట్టింది, "గిది నీ కూలి."

ఇప్పుడు అయిజలో ఎరువుల కొట్టు నడుపుతున్నాను. ఆ పన్ను గల్లాపెట్టెలో ఉంటుంది. చావింట్లో నోరు తెరిచి కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ డిగ్రీతో అతను చేసిన పని అదొక్కటే, ఒకావిడకు ఆమె మొగుడి ముఖం తిరిగివ్వడం (దాన్ని ఉద్యోగానుభవం కింద ఎలా రాయాలో ఇప్పటికీ తెలియదు).