ట్రాక్టర్ నడిచే లాప్‌టాప్

"...గందుకే అంటున్న కాకా, వచ్చే నెల లీవుకు పోయేటోనివి, కోరుట్లల కొనుక్కుంటే కాదా? ఇక్కడికెల్లి మోసుకపోవుడు దేనికి?"

"మోసుకపోతనని నీతోని ఎవలన్నరు?"

"మరి? కొడుక్కే గదా?"

నర్సయ్య బస్సు కిటికీలోకి ఎండ రాకుండా ఎవరో కుక్కిన అట్టముక్క జారిపోతుంటే దాన్ని సరిచేశాడు. వెనక సీట్లోంచి ఒకతను, "అరే గంగా, ఇయ్యాలన్న ఆయన్ని ఇడిసిపెట్టు. లాప్‌టాప్ కొంటుండా, కిడ్నీ అమ్ముతుండా?" అన్నాడు. నలుగురు నవ్వారు. గంగాప్రసాద్ కూడా నవ్వి ఊరుకున్నాడు.

శుక్రవారం భోజనాలయ్యాక కంపెనీ బస్సు ఒమన్‌లోని ఈ క్యాంపు నుంచి సోహార్ బజారుకు ఒక ట్రిప్పు వేస్తుంది. సామాన్లు కొనుక్కునేవాళ్లు, ఇంటికి డబ్బు పంపేవాళ్లు, ఊరికే తిరిగి వచ్చేవాళ్లు అందులో ఉంటారు. నర్సయ్య ఎక్కువగా ఎక్కడు. గంగాప్రసాద్ ఆయన రూమ్‌లోనే కింది మంచం మీద ఉంటాడు. కంపెనీ స్టోరులో వచ్చిన సరుకు కంప్యూటర్‌లో ఎక్కించే పని. అందుకే నర్సయ్య అతన్ని తోడు రమ్మన్నాడు. వయసులో చిన్నవాడైనా అతను ప్రతిదానికీ కారణం అడుగుతాడు. కారణం చెప్పడం నర్సయ్యకు అలవాటు లేదు.

నర్సయ్యది కోరుట్ల దగ్గర పల్లె. పసుపు పండే నేల. పెళ్లయిన కొత్తలో వరసగా రెండు పంటలకు దుంపకుళ్లు తగిలింది. మూడో ఏడు విత్తనం కొనకుండా పాస్‌పోర్టు తీసుకున్నాడు. మొదట అల్ సువైక్‌లో ఒక ఖర్జూర తోటలో పని దొరికింది. వ్యవసాయమే కదా అని సంబరపడి వచ్చాడు. అక్కడ నీళ్లు వదలడం, మట్టలు కొయ్యడం, గెలలకు సంచులు కట్టడం తప్ప దున్నేదీ విత్తేదీ లేదు. తర్వాత సోహార్ వచ్చి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర చేరాడు. క్రేన్ కొక్కేనికి బరువులు కట్టే పని. తాళ్లు బిగించి, పక్కకు జరిగి, చెయ్యి పైకెత్తి సైగ చేస్తాడు. బరువు లేస్తుంది. ఆ చెయ్యి ఎత్తడంలోనే జుట్టు నెరిసింది.

రెండేళ్లకోసారి లీవు. పోయినసారి లీవుకు పోయినప్పుడు పొలంలో కోళ్ల షెడ్డు లేచి ఉంది. అది నర్సయ్యకు తెలియనిదేమీ కాదు. సేద్యం చేసేవాళ్లు లేరు, తన తమ్ముడు కోళ్ల షెడ్డుకు కౌలు సక్రమంగా ఇస్తానంటున్నాడు, ఇద్దామా అని భార్య కమలవ్వ ముందే ఫోన్‌లో అడిగింది. నీ ఇష్టమన్నాడు. కానీ ఆ పొడుగాటి రేకుల కప్పు, వాసన ఫోన్‌లో తెలియలేదు. ఊరు చేరిన మర్నాడు పొద్దున్నే పొలానికి నడిచి పోతే షెడ్డు దగ్గర బీహారు నుంచి వచ్చిన కాపలా మనిషి లేచి నిలబడి, "కిస్‌సే మిల్నా హై?" అని అడిగాడు. ఎవరిని కలవాలని. నర్సయ్య సైట్‌లో మాట్లాడే హిందీలోనే, ఊరికే వచ్చానని చెప్పాడు.

బావి పక్కన మాత్రం ఒక మడి ఖాళీగా మిగిలి ఉంది. ఒకరోజు పార తీసుకుని దాన్ని తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి బావమరిది వచ్చి చేతిలోంచి పార తీసుకున్నాడు. "నువ్వు కూసో బావా. అలవాటు తప్పింది నీకు. నడుం పట్టుకుంటే మళ్ల డ్యూటీకెట్ల పోతవ్?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నర్సయ్య బావి ఒడ్డున కూర్చుని అతను తవ్వుతుంటే చూశాడు.

ఇంట్లో కూడా అందరూ ప్రేమగానే ఉన్నారు. కొడుకు బైకుల షోరూమ్‌లో పనిచేస్తాడు. వాడి గదిలో వాడుంటాడు. ముందు గదిలో తండ్రికి మడత మంచం వేశారు. కమలవ్వ పొద్దంతా బీడీలు చుడుతుంది, సాయంత్రం కట్టలు తీసుకుని కార్ఖానాకు పోతుంది. దారిలో కనబడిన ప్రతివాడూ నర్సయ్యను ఒకటే అడిగేవాడు. "ఎప్పుడచ్చినవ్? మళ్లెప్పుడు పోతున్నవ్?"

ఆ లీవు నుంచి తిరిగొచ్చాకే రూమ్‌లో ఉండే నర్సింగ్ లాప్‌టాప్ మీద ఆ ఆట చూశాడు.

నర్సింగ్ వెల్డరు. శుక్రవారాలు బట్టలు ఉతుక్కున్నాక మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని సినిమాలు చూసేవాడు, ఆటలు ఆడేవాడు. అందులో ఒకటి వ్యవసాయం ఆట. తెర మీద ఖాళీ చేను ఉంటుంది. ట్రాక్టర్ ఎక్కి దున్నాలి, విత్తాలి, మందు కొట్టాలి, పంట కొయ్యాలి. అన్నీ మీటలతోనే. నర్సయ్య రెండు వారాలు వెనక నిలబడి చూశాడు. మూడో వారం, "గా మూలకు ఎట్ల మలుపుతవురా?" అని అడిగాడు.

"కూసో కాకా, నువ్వే మలుపు."

మొదటిసారి ట్రాక్టర్ పోయి కాలువలో పడింది. రూమంతా నవ్వింది. "కాకా, కంపెనీ బండైతే నీ జీతం కట్!" అన్నాడు గంగాప్రసాద్. తర్వాత్తర్వాత సాళ్లు తిన్నగా రావడం మొదలైంది. చేను చివర ట్రాక్టర్ ఆపి, వెనక నాగలి లేపి, మలుపుకుని మళ్లీ దించేవాడు. మూలలు కూడా వదిలేవాడు కాదు. ఆటలో పసుపు లేదు. మక్క, గోధుమ, ఆలుగడ్డ ఉన్నాయి. మక్క వేశాడు.

"కాకా, గీ మీట నొక్కితే జీతగాడు వచ్చి దున్నుతడు. నువ్వు కూసోవచ్చు," అని నర్సింగ్ చూపించాడు.

"వద్దు," అన్నాడు నర్సయ్య.

ఎండాకాలం రాకముందే నర్సింగ్ వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. లాప్‌టాప్ బ్యాగులో పెడుతుంటే నర్సయ్య అడిగాడు, "మరి నా చేను?"

"ఏడికి పోతది కాకా? గట్లనే ఉంటది."

కొన్నాళ్లాగి ఫోన్ చేస్తే, తన అన్న పిల్లలు ఇంకో ఆట ఎక్కించుకున్నారని, జాగా సరిపోక అది తీసేశారని చెప్పాడు. కోతకొచ్చిన మక్క అది. నర్సయ్య తన ఫోన్‌లోనే అలాంటి ఆట ఒకటి పెట్టించుకున్నాడు. అక్షరాలు కనిపించవు, బొటనవేలు కింద ట్రాక్టరే కనిపించదు, రెండు సాళ్లకోసారి అడ్వర్టైజ్‌మెంట్ వస్తుంది. తీసేశాడు.

ఈలోగా మళ్లీ లీవు వంతు వచ్చింది. ఏ తారీకున పోతావో చెప్పమని ఆఫీసులో రెండుసార్లు అడిగారు. లీవు వద్దనుకున్నవాళ్లకు కంపెనీ టికెట్ డబ్బు జీతంలో కలిపి ఇస్తుంది. శనివారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. చెప్తానన్నాడు నర్సయ్య. ఇంట్లో అడిగితే కూడా అదే మాట అన్నాడు.

బస్సు దిగి ఇద్దరూ ఖాదర్‌వలి దుకాణానికి నడిచారు. ఖాదర్‌వలిది ప్రొద్దుటూరు. చిన్న దుకాణం, అద్దాల బల్ల వెనక లాప్‌టాప్‌లు, ముందు ఫోన్ కవర్లు. విప్పి పెట్టిన ఒక లాప్‌టాప్ ఫ్యాను నుంచి బ్రష్షుతో దుమ్ము తీస్తున్నాడు.

"రండన్నా, కూర్చోండి. టీ చెప్తా. దేనికి వాడతారో ముందు అది చెప్పండి. దాన్ని బట్టే సరుకు చూపిస్తా."

వచ్చినవాళ్లందరినీ అడిగే ప్రశ్నే అది. నర్సయ్య అద్దాల బల్ల వైపు చూశాడు. "పిల్లగానికి," అన్నాడు.

"చదువుకా?"

"ఆఁ."

గంగాప్రసాద్ తల తిప్పి ఆయన్ని చూశాడు. షోరూమ్‌లో పనిచేసే కొడుక్కి ఏం చదువో అతనికి తెలియదు.

ఖాదర్‌వలి సన్నటి లాప్‌టాప్ ఒకటి తీసి తెరిచాడు. "ఇది చూడండి. బరువే లేదు. ఒకసారి చార్జింగ్ పెడితే దినమంతా వస్తాది. సినిమాలు, వీడియో కాల్, కాలేజీ రాతపని, అన్నిటికీ సరిపోతాది. ఎనిమిది జీబీ ర్యామ్. ఆన్ చేస్తే ఇట్టే తెరుసుకుంటాది."

నర్సయ్య దాన్ని రెండు చేతులతో ఎత్తి చూశాడు. మళ్లీ జాగ్రత్తగా దించాడు.

"దీంట్ల ట్రాక్టర్ నడుస్తదా?"

"ఏం ట్రాక్టరన్నా?"

"ఎవుసం ఆట ఉంటది గదా," అన్నాడు గంగాప్రసాద్. "దున్నుడు, విత్తుడు. గది."

"ఓహో, పిలగానికి ఆటలు కూడా కావల్లనా!" ఖాదర్‌వలి నవ్వాడు. "బాగుంది పో. మా పక్క రైతులు సేద్యం ఇడిసిపెట్టి ఈడికి వస్తాండారు. పిలకాయలేమో తెర మీద సేద్యం చేస్తాండారు."

నర్సయ్య నవ్వలేదు. టీ వచ్చింది. చేతిలో పట్టుకున్నాడు.

"అట్లైతే ఈ సన్నది వద్దన్నా. దీంట్లో ఆ ఆట పెడితే ట్రాక్టర్ బురదలో దిగబడినట్టే, అడుగడుక్కీ ఆగుతాది. గ్రాఫిక్స్ కార్డు వేరేగా ఉండేది తీసుకోవల్ల." లావుపాటిది ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టాడు. "ఇది మొద్దుగా ఉంటాది. ఫ్యాను అరుస్తాది, చార్జరే ఇటుకంత. కానీ ఆట మాత్రం ఆగదు. పదహారు జీబీ. ర్యామ్ కావల్లంటే తర్వాత కూడా పెంచుకోవచ్చు. ఆ కార్డు మాత్రం తర్వాత పెట్టేదానికి కాదు. ఇప్పుడే చూసుకోవల్ల."

నర్సయ్య ఫోన్ మోగింది. కమలవ్వ వీడియో కాల్. ఆమె ఎప్పటిలాగే ఫోన్ దేనికో ఆనించి బీడీలు చుడుతోంది. తునికాకు చుట్టే వేళ్లు, చాటలో తంబాకు కనిపిస్తున్నాయి.

"ఏడున్నవ్? లొల్లి ఇనవడుతుంది."

"బజార్ల."

"మాకేం కొనకు. ఇక్కడ అన్ని దొరుకుతున్నయ్. నిరుడు పంపిన దుప్పటి గూడ ఇప్పలే. తారీకు చెప్పిన్రా?"

"ఇంక లేదు."

"మా తమ్ముడు ఇయ్యాల గూడ అచ్చిండు. బాయికాడి మడి ఇస్తే షెడ్డు పొడుగు చేస్తడట. నేనేమన్ననో ఎరుకేనా? మీ బావ అచ్చినంక ఆయన్నే అడుగుమన్న. గది నీ కోసమే ఆపిన. అచ్చినంక పసుపేస్తవో, ఏమేస్తవో, నీ ఇష్టం." ఆమె చుట్టిన బీడీ పక్కన పెట్టి ఇంకో ఆకు తీసింది. "ఇనవడుతుందా?"

"ఆఁ."

"మరి వానికేం చెప్పాలె?"

"మళ్ల చేస్త."

"ఎప్పుడు జూడు మళ్లనే," అంది ఆమె. ఫోన్ కట్టేయడానికి ముందుకు వంగినప్పుడు ఒక్క క్షణం ముఖమంతా కనిపించింది.

గంగాప్రసాద్ గొంతు తగ్గించి అన్నాడు, "కాకా, చిన్నమ్మ జాగ ఆపిపెట్టింది గదా. పోయి పసుపెయ్యి. ట్రాక్టర్ గూడ కిరాయికి దొరుకుతది, నిజందే."

"నిజంది నాకు నడుపరాదు."

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి కప్పు బల్ల మీద పెట్టాడు.

ఖాదర్‌వలి ఇద్దరినీ చూసి కాస్త ముందుకు వంగాడు. "అన్నా, బేరం పోయినా పర్లేదు, ఒక మాట చెప్తా. ఊరికి పంపేదైతే ఈడ కొనొద్దు. మీటల మీద చూడండి, అరబ్బీ అక్షరాలు. ప్లగ్గు కూడా మన గోడకు పట్టదు. చెడిపోతే వారంటీ ఈడే, ఆడ ఎవరూ ముట్టుకోరు. మీరు ఎట్లాగూ లీవుకు పోతాండారు కదా, పిలగాన్నే దుకాణానికి తీసుకుపోయి కొనివ్వండి."

"ఇది ఊరికి పోదు," అన్నాడు నర్సయ్య.

"పోదా? మరి పిలగానికని..."

"పిల్లగానికి కాదు. నాకే."

ఖాదర్‌వలి గంగాప్రసాద్ వైపు చూశాడు. గంగాప్రసాద్ ఫోన్ కవర్ల వైపు చూస్తున్నాడు. ఖాదర్‌వలి బ్రష్షు తీసి పక్కన పెట్టాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో నవ్వు లేదు.

"దానికేముందన్నా. ఎవరి సంతోషం వాళ్లది. కానీ ఇప్పుడు తీసుకుంటే మీరు లీవుకు పోయిన రెండు నెలలూ రూమ్‌లో మూలన పడుంటాది. ఈ దుమ్ముకు ఫ్యాను పట్టేస్తాది. ఇదో, ఈ విప్పి పెట్టినది చూస్తిరి కదా. తిరిగొచ్చినాక తీసుకోండి. మీ కోసమని పక్కన పెట్టి ఉంచుతా."

నర్సయ్య లావుపాటి లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు. తెర నల్లగా ఉంది. ఎడమ చేతి వేళ్లు మీటల మీద వెతుక్కుని, ట్రాక్టర్ ముందుకు పోయే మీట మీద, మలుపుకునే మీటల మీద ఆగాయి.

"ఉంచుడు వద్దు. ఇప్పుడే ఇయ్యి," అన్నాడు. "నేను లీవుకు పోతలేను."