గీత చెదరని నట్టు

తోకకు రెండు ఇసుక బస్తాలు కట్టేసరికి విమానం ముక్కు పైకి లేచింది. నేల వదిలిన ముందు చక్రాన్ని రాధాకృష్ణ రెండు చేతులా పట్టుకుని ఊపాడు. లేచి షెడ్డు తలుపు దాకా నడిచాడు. వెనక్కొచ్చి మళ్ళీ ఊపాడు. శనివారం పొద్దున్న ఏడైనా కాలేదు, రేకుల షెడ్డు అప్పుడే వేడెక్కుతోంది. బయట జొన్న చేలు, వాటి మధ్య ఒక సన్నటి తారు రన్‌వే. ఆస్ట్రేలియాలో, టూవూంబాలోని ఇల్లు అక్కడికి కారులో నలభై నిమిషాలు.

వారంలో ఐదు రోజులు రాధాకృష్ణ యూనివర్సిటీలో సర్వర్లు చూసుకుంటాడు. ఏ సర్వరు ఎందుకు పడిపోయిందో పది నిమిషాల్లో తేల్చేస్తాడని పేరు. మిగిలిన రెండు రోజులూ శైలేష్‌తో కలిసి ఈ షెడ్డులో రివెట్లు కొడుతూ, ఏడేళ్ళలో ఈ రెండు సీట్ల విమానం కట్టాడు. శైలేష్ కార్ల మెకానిక్, ఫిజీలో పుట్టిన తెలుగువాడు. ముత్తాత ఏ ఊరి నుంచి చెరకు తోటలకు వెళ్ళాడో అతనికి తెలీదు. ఇద్దరి మధ్య మాటలు ఇంగ్లీషులో సాగేవి, తిట్లు మాత్రం తెలుగులో. శైలేష్‌కి వాళ్ళమ్మ మునమ్మ దగ్గర అబ్బిన తెలుగులో అవే ఎక్కువ.

ఆ శైలేష్ మూడు వారాలుగా షెడ్డు గడప తొక్కలేదు. కారణం ఈ చక్రమే.

అక్టోబరు చివర్లో మొదలైంది. విమానం దిగి వేగం తగ్గుతుండగా ముందు చక్రం పాత ట్రాలీ చక్రంలా టపటపా కొట్టుకునేది. మీటర్ల మీద అంకెలు కనిపించనంత వణుకు. ఇద్దరూ కలిసే వెతికారు. టైరులో గాలి చూశారు, బేరింగులు చూశారు, చక్రాన్ని తిప్పి ఎటు బరువుందో చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది బిగువు. ముందు చక్రం పక్కలకు తేలిగ్గా తిరక్కుండా, దాన్ని మోసే ఇనప కాలి పైభాగంలో రెండు ఫైబర్ వాషర్లుంటాయి, వాటిని నొక్కిపట్టేది ఒక పెద్ద నట్టు. డ్రాయింగు ప్రకారం చక్రం పక్కకు కదలాలంటే పది కిలోల లాగుడు కావాలి. రాధాకృష్ణ ఇంట్లోంచి ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం తెచ్చి తగిలించి లాగాడు. నాలుగు కిలోలకే తిరిగిపోయింది.

పదికి బిగించారు. మూడుసార్లు ఎగిరి దిగేసరికి మళ్ళీ నాలుగు, మళ్ళీ వణుకు. అంటే నట్టు వదులవుతోందన్నమాట. ముందు కాలు బిగించింది శైలేష్. రాధాకృష్ణ ఆఫీసు అలవాటు కొద్దీ లాగ్‌బుక్కు తెరిచి, 'మూలకారణం: నట్టు సరిగా బిగించకపోవడం. బాధ్యత: శైలేష్' అని రాశాడు. ఆఫీసులో అలాంటి వాక్యాలు రోజుకు నాలుగు రాస్తాడు, ఎవరూ పట్టించుకోరు.

శైలేష్ అది నిలబడే చదివాడు. "ముప్పై ఏళ్ళుగా బ్రేకులు బిగిస్తున్నా భయ్యా. నా చేతి కింద ఎవడూ చావలేదు," అని పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

ఫోన్ చేసి సారీ చెప్పేయమని ఉదయశ్రీ రోజూ పోరుతూనే ఉంది. తప్పెవరిదో తేలకుండా భార్య మాట మీద సారీ ఎలా చెబుతానని ఇతని వాదన. తెలుగు సంఘం వాట్సాప్‌లో ఒక పెద్దమనిషి ఇది దిష్టేనని తేల్చి, నిమ్మకాయలు కట్టమన్నాడు. రాధాకృష్ణకి ఒళ్ళు మండింది. యంత్రానికి దిష్టి తగలడమేమిటి?

అతను చేయగలిగింది చేశాడు. పోయిన వారం నట్టును మళ్ళీ పదికి బిగించి, నట్టు మీదుగా కాలి మీదకు ఎర్ర పెయింటుతో ఒక గీత గీశాడు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. గీత అలా విరిగి ఉంటే శైలేష్‌కి ఫొటో తీసి పంపించేవాడే. నాలుగుసార్లు ఎగిరాడు. ఇప్పుడు కొక్కెం తగిలించి లాగితే నాలుగున్నర.

గీత మాత్రం చెదరలేదు.

రాధాకృష్ణ కింద కూర్చున్నాడు, లేచాడు, మంచినీళ్ళ సీసా తెరిచి తాగకుండానే పెట్టేశాడు. నట్టు తిరగలేదు. తిరగని నట్టు వదులెలా అవుతుంది? స్పానరు తీసి నట్టు ఊడదీశాడు. వాషర్లు అరచేతిలోకి జారాయి. జారడమంటే మామూలుగా కాదు, సబ్బు ముక్కల్లా జారాయి. వాసన చూశాడు.

కుట్టుమిషను నూనె.

ఆ వాసన అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. వాళ్ళ నాన్నకు బెజవాడ ఆటోనగర్‌లో లేతు షాపుండేది. ఆయుధ పూజ ముందు రోజు షాపులో కదిలే ప్రతి వస్తువునూ తుడిచి నూనె వేయాల్సిందే, ఆ తర్వాతే కుంకుమ. రాధాకృష్ణ దేవుణ్ణి ఎప్పుడో వదిలేశాడు గానీ ఆ నూనె డబ్బాను వదల్లేదు. మొన్న దసరాకి శైలేష్ పనిలో ఉంటే ఒక్కడే వచ్చి తలుపు కీళ్ళకు, తోక కీళ్ళకు, చక్రాలకు, చివరికి ముందు కాలి పైభాగానికీ నూనె పోశాడు. అక్కడి వాషర్లను పొడిగా ఉంచాలని, నూనె తగిలితే పట్టు పోతుందని డ్రాయింగులోనే ఉంది. ఆ డ్రాయింగు అతను వందసార్లు చదివాడు.

సామాన్ల పెట్టెలో కొత్త వాషర్లున్నాయి. పాతవి పారేసి, నట్టు చుట్టూ తుడిచి, కొత్తవి వేసి బిగించాడు. పది. రన్‌వే మీద రెండుసార్లు వేగంగా పరుగెత్తించి చూశాడు. వణుకు లేదు. పదకొండు గంటలకల్లా లాగ్‌బుక్కులో 'వాషర్లు మార్చాను, సమస్య తీరింది' అని రాశాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు. బయటికి వెళ్ళి చేల వైపు చూసి, తిరిగొచ్చి మళ్ళీ చదివాడు. ఇంత శుభ్రమైన వాక్యాలు ఆఫీసులో ఎవరు రాస్తారో, ఎందుకు రాస్తారో అతనికి బాగా తెలుసు. కింద ఇంకో వరుస రాశాడు: 'మూలకారణం: దసరాకు నేను పోసిన నూనె. బాధ్యత: రాధాకృష్ణ.'

ఆ పేజీకి ఫొటో తీశాడు, పంపబోయి చెరిపేశాడు. కారెక్కాడు.

శైలేష్ గరాజు ఇంటి వెనకే. పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్న మునమ్మ తలెత్తి చూసింది.

"ఇన్నాళ్ళకి తోవ దొరికిందా అయ్యా?" అంది. లోపలికి పొమ్మని చేత్తో చూపించింది.

ఒక యూట్ ట్రక్కు కింది నుంచి శైలేష్ కాళ్ళు కనిపిస్తున్నాయి. రాధాకృష్ణ ఆ కాళ్ళతోనే మాట్లాడాడు.

"నట్టు కాదు శైలేష్. నూనె. నేనే పోశాను, దసరాకి."

స్పానరు చప్పుడు ఆగింది. లోపలి నుంచి గొంతు వచ్చింది. "బుక్‌లో నా పేరు ఉందా ఇంకా?"

"ఉంది. అందులో రాసింది చెరపకూడదుగా. కింద నాది రాశాను."

"ఉండనీ. ఎవడన్నా చదివి నవ్వుకుంటాడు." మళ్ళీ స్పానరు చప్పుడు. మళ్ళీ ఆగింది. "కొత్త వాషర్లు వేసేముందు కాలి గొట్టం లోపల తుడిచావా?"

రాధాకృష్ణ నట్టు చుట్టూ తుడిచాడు. లోపల తుడవలేదు. కిందికి దిగిన నూనె రెండుసార్లు ఎగిరితే మళ్ళీ పైకి పాకుతుంది.

శైలేష్ చక్రాల బల్ల మీద బయటికి జారి లేచి కూర్చుని, అతని చేతులకేసి చూశాడు.

"తిక్కోడా," అన్నాడు తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో, రేపు పొద్దున్న ఆరింటికి షెడ్డుకొస్తానని, తను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దని చెప్పాడు.

రాధాకృష్ణ సరేనన్నాడు. మర్నాడు ఆరు గంటలకింకా చాలా సమయముంది, అప్పటిదాకా ఈ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీలేదు. పెరట్లోకి వెళ్ళి, అడక్కుండానే మునమ్మ పక్కన కూర్చుని మిరపకాయలు తిరగేయడం మొదలుపెట్టాడు.