తల తుంచిన పదకొండు మొక్కలు

మా కుటుంబంలో కళాశాల మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. ఎనభైల ఆరంభంలో న్యూజెర్సీలోని ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర పరిశోధనకు చేరినప్పుడు, నాకు అప్పగించిన మొక్కను గురించి ఇంటికి రాసిన ఉత్తరంలో ‘ఒక మందుమొక్క’ అని మాత్రమే రాశాను. అది గంజాయి.

ప్రభుత్వ అనుమతితో నడిచే గ్రీన్‌హౌస్ అది. తలుపుకు రెండు తాళాలు, లోపల బల్ల మీద ఒక రిజిస్టర్. ఎండుటాకు రాలినా తూచి, రాసి, సంతకం పెట్టాలి. ఆ కట్టుదిట్టం చూసి తోటి విద్యార్థులు విసుక్కునేవారు. నాకు మాత్రం అది ఎంతో నచ్చింది.

మా మొక్కలు సంకర సంతతి. ఒకవైపు అఫ్ఘాన్ కొండల పొట్టి రకం. శాస్త్రంలో దాన్ని ఇండికా అంటారు. మరొకవైపు వేడి దేశాల పొడుగు రకం. పిల్ల మొక్కల్లో చాలావరకు ఇండికా వైపే మొగ్గేవి. నడుమెత్తు దాటని కాండం, దగ్గరదగ్గరగా కణుపులు, నలుపు తిరిగిన పచ్చరంగులో వెడల్పాటి ఆకు రెక్కలు. ముట్టుకుంటే వేళ్ళకు బంక అంటేది. తడిమట్టిలో మిరియాలు నలిపినట్టు వాసన. పూత త్వరగా వచ్చి గట్టి గుత్తులు కట్టేది. ఆ పూతే మాకు పంట. దాన్ని ఔషధ గుణాల పరీక్షకు మరొక ప్రయోగశాలకు పంపేవాళ్ళం. ఏ మొక్క ఏ రకం పోలికో ముందుగా గుర్తుపట్టే దారి కనిపెట్టడం నా సిద్ధాంత వ్యాసం విషయం. లేతవయసులో అన్నీ ఒకేలా ఉండేవి, అదే చిక్కు.

మా ప్రొఫెసర్ అరవై దాటిన అమెరికన్ మహిళ, మితభాషి. ఒక వారం ఆవిడ ఊరు వెళ్తూ తాళాలు నా చేతికిచ్చారు. మూడోనాటి ఉదయం రెండో బల్ల మీది మొక్కల తలల్లో తొలి మొగ్గలు కనిపించాయి. నేను బకెట్ పట్టుకుని పనిలోకి దిగాను.

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో పొగాకు తోటల్లో కూలి. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆయన పక్క సాలు నాది. పొగాకులో మొగ్గ కనబడగానే తల తుంచాలి; లేదంటే బలమంతా పూతకు పోయి ఆకు పలచబడుతుంది. ఆ ఉదయం నా మనసు ఏదో పాఠంలో ఉంది. చేతులు మాత్రం పొగాకు సాలులో ఉన్నాయి.

పదకొండో మొక్క దగ్గర ఉండగా మా సీనియర్ వచ్చింది. ఆమెది వరంగల్ వైపు. నేను అక్కా అనేవాణ్ణి.

“ఏం జేస్తున్నవ్ తమ్మీ?”

“తలలు తుంచుతున్నానక్కా.”

“ఎందుకు?”

“ఆకు బలంగా వస్తుందని...” అని ఆగిపోయాను.

“ఆకు ఎవనికి గావాలె? మనకు గావాల్సింది పూతనే గద!” ఆమె బకెట్‌లోకి తొంగి చూసింది. “అబ్బ, ఎంత నీట్‌గ గిల్లినవ్! తిడ్దామంటె నోరొస్తలేదు.”

“అసిస్టెంట్‌షిప్ తీసేస్తారేమో అక్కా.”

“అది పోతె వీసా గూడ పోతది. ఎండుటాకులని రాయి, ఎవరు చూడొచ్చిన్రు?”

నిజంగా అన్నదో, నన్ను పరీక్షించిందో ఈనాటికీ తెలియదు. బకెట్ తూచి, ‘పూమొగ్గలు, పదకొండు మొక్కలు, నా పొరపాటు వల్ల’ అని రాసి సంతకం పెట్టాను. కూలివాడి కొడుకు చదువు ఆ ఒక్క వాక్యంతో ముగిసిపోతుందేమోనని మిగిలిన రోజులన్నీ భయపడ్డాను.

ప్రొఫెసర్ సోమవారం వచ్చి, నిలబడే రిజిస్టర్ చదివారు.

“అన్నీ ఒకే చోట తుంచారా?”

“అవునండీ. పై నుంచి మూడో ఆకు కింద.”

“తప్పు తప్పే. కానీ కొలత ప్రకారం చేసిన తప్పు. వీటికి వేరే గుర్తులు కట్టండి. ఏమైనా తేలితే సరే. లేకపోతే వచ్చే సెమిస్టర్ సంగతి మాట్లాడుకోవాలి.”

ఐదు వారాలు రోజూ కొలిచాను. ఎనిమిది మొక్కలు, తల తుంచిన చోటి కింద రెండు కొమ్మలు వేసి, రెంటినీ సమానంగా, పొట్టిగా పెంచాయి. మూడింటిలో మాత్రం ఒక కొమ్మే పెత్తనం తీసుకుని గాజుకప్పు వైపు ఎగబాకింది. పూత ముదిరాక చూస్తే, ఎనిమిదీ ఇండికా పోలికవి. మూడూ పొడుగు రకానివి. తల తుంచని మొక్కల్లో ఆ తేడా పూత ముదిరితే గాని బయటపడలేదు; తుంచినవాటిలో కొమ్మలే ముందుగా చెప్పేశాయి. తరువాతి విడతలో సగం మొక్కల తలలు తుంచమని ప్రొఫెసరే చెప్పారు.

“గోటితో గిల్లాలక్కా, కత్తెర వద్దు,” అన్నాను.

“ఓహో, మేస్త్రివి అయినవ్ లే!” అంది అక్క, గోళ్ళు నల్లబడుతుంటే నవ్వుతూ.

వ్యాసం రాసేటప్పుడు ప్రొఫెసర్ ఒక పేరా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టారు.

“ఈ పద్ధతికి ఆధారం?”

“పుస్తకమేదీ లేదండీ. మా నాన్నగారు నేర్పిందే.”

“ఏమని చెప్పారు?”

“చెప్పలేదు. వేరే కణుపు దగ్గర తుంచితే చేతి మీద ఒకటి వేసేవారు.”

ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. “దాన్ని మౌఖిక సమాచారం అంటాం. పేరు రాయండి,” అన్నారు.

ఆధారాల పట్టికలో మా నాన్నగారి పేరు, ఊరు, వృత్తి టైపు చేశాను. అక్షరక్రమంలో ఆయన ఇద్దరు ప్రొఫెసర్ల నడుమ పడ్డారు. ఆ పేజీని మూడుసార్లు సరిచూశాను. తప్పేమీ లేదు.