నాయన వేయించుకున్న ఒట్టు

మొన్న తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కళాశాలవాళ్లు పిలిస్తే, విమానాల చదువు గురించీ, అందులో దొరికే ఉద్యోగాల గురించీ పిల్లలకు రెండు మాటలు చెప్పడానికి వెళ్లాను. ఈ చదువంటే పైలట్ కావడమొక్కటే కాదనీ, రెక్క ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టేవాళ్లూ, ఇంజను వేడికి తట్టుకునే లోహాన్ని వెతికేవాళ్లూ, రాకెట్టు దారిని గీసేవాళ్లూ అందరూ ఇందులోకే వస్తారనీ చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, నేను మొదటిసారి విమానం ఎప్పుడెక్కానని అడిగింది. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు అని చెప్పాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, మనసు ఎప్పుడో వడమాలపేట దారి పట్టింది.

అక్కడికి దగ్గర్లో వేరుశనగ, చెరకు పండించే కుటుంబం మాది. మద్రాసులో విమానాల ఇంజనీరింగులో నాకు సీటు వచ్చినప్పుడు, ఆడపిల్లకెందుకన్న బంధువుల నోళ్లన్నీ మూయించిన నాయన, తన భయాన్ని మాత్రం అణచుకోలేకపోయాడు. ప్రయాణానికి ముందు నన్ను కాణిపాకం తీసుకెళ్లి, స్వామి ఎదుట నిలబెట్టాడు.

"ఎంతైనా సదువుకో పాపా, ఎన్ని విమానాలైనా చెయ్యి. దాంట్లోకి మాత్రం ఎక్కనని ఒట్టెయ్యి."

అక్కడ వేసిన ఒట్టు తప్పేవాళ్లు మా వైపు ఉండరు. వేశాను.

చదువయ్యాక బెంగుళూరులో, రెక్కల బలాన్ని పరీక్షించే చోట ఉద్యోగం వచ్చింది. నేను లెక్కలు కట్టిన రెక్కలు మబ్బుల్లో తేలిపోతుంటే నేలమీద నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తుండేదాన్ని. గాలిలోకి వెళ్లి చూడవలసిన పని వచ్చినప్పుడల్లా నా బదులు ఇంకొకరు వెళ్లేవారు. చివరికి మా పై అధికారి, ఇలాగైతే మిమ్మల్ని వేరే విభాగానికి మార్చక తప్పదని మెల్లగానే చెప్పేశాడు. నాయనకు ఆ సంగతి చెప్పలేదు.

ఆ ఏడాదే, ఉద్యోగుల ఇంటివాళ్లను లోపలికి రానిచ్చే రోజున నాయన వచ్చాడు. పెద్ద షెడ్డులో ఒక రెక్క మొదలును గట్టిగా బిగించి, కొసను కొద్దికొద్దిగా పైకి లాగుతున్నారు. అది విల్లులా వంగుతూ కిర్రుమంటుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇరిగిపోతాదేమో పాపా!"

"ఇరిగేదాకా లాగేది కూడా ఉండాది నాయనా. ఈడ ఇరిగితేనే, పైన ఇరగకుండా ఏం జెయ్యాలో తెలుస్తాది."

ఆ రోజు అది విరగలేదు. లాగడం ఆపగానే, గాలి పోయాక లేచే చెరకులా మళ్లీ తన చోటికి వచ్చింది. నాయన దాన్నే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంత భయం మీకే ఉండాదే," అన్నాడు కడకు. "ఇంక నాదెందుకు?"

తర్వాత నేను ఊరికి వచ్చినప్పుడు ఇద్దరమూ కాణిపాకం వెళ్లి, కొబ్బరికాయ కొట్టి, ఆ ఒట్టును స్వామికే అప్పజెప్పి వచ్చాము. నన్ను మార్చే మాట మళ్లీ రాలేదు. రేణిగుంటలో మొదటిసారి విమానం ఎక్కినప్పుడు, నువ్వూ రా నాయనా అంటే తల అడ్డంగా ఊపి, ప్రహరీ బయట నిలబడి తువ్వాలు ఊపుతూ ఉండిపోయాడు. పైనుంచి చూస్తే నీలంగా కొండలు, వాటి పాదాల దగ్గర అలిపిరి, తడిసిన మళ్ల మీద మబ్బుల నీడలు కనిపించాయి. ఎంత వెతికినా తువ్వాలు మాత్రం కనిపించలేదు.

ఇప్పుడు మనవాళ్లు టౌను బస్సెక్కినంత తేలిగ్గా విమానం ఎక్కుతున్నారు, కూర్చోగానే కిటికీ మూసి నిద్రపోతున్నారు. సంతోషమే, భయం లేని కాలం వచ్చింది. నేనూ తరచుగానే ఎక్కుతున్నాను. ఎక్కవద్దని బతిమాలేవాళ్లే మిగల్లేదు.