ఊగే మంచం కోసం ఓడెక్కిన రాజమణి

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులోకి తిరిగితే పిండి గిర్ని కనిపించక ముందే వినిపిస్తుంది. ఆ గిర్నికి ఒక్క గోడ అవతలే రాజమణి, శివయ్యల ఇల్లు. గోధుమలు పట్టించడానికి వచ్చినవాళ్లు డబ్బా వరసలో పెట్టి, పిండి పేరుకున్న బల్ల మీద కూర్చుని తమ వంతు కోసం చూస్తుంటారు. నేనూ అక్కడే కూర్చుని ఈ కథ విన్నాను. వినడానికి కష్టపడనక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా మోటారు మోతను మించి మాట్లాడి మాట్లాడి రాజమణి గొంతు ఎలా తయారైందంటే, ఆమె గుసగుసలాడితే సందు చివర పాన్‌డబ్బా అతను జవాబిస్తాడు.

రాజమణికి ఒకటే ఇబ్బంది. మంచం ఊగకపోతే నిద్ర రాదు.

పెళ్లై వచ్చిన కొత్తలో గోడ అదురుతుంటే ఇల్లు మీద పడుతుందని ఏడ్చిందట. తర్వాత ఆ అదురే ఆమెకు జోలపాట అయింది. ఆమె పడుకునే వేళకు శివయ్య గిర్ని నడుపుతుంటాడు. అతను ఆపేస్తే గూడ్సు రైళ్లు అందుకుంటాయి. రంజాన్ నెలలో బార్కస్ నుంచి హరీస్ వంటకం కోసం గోధుమ మూటలు దిగితే గిర్ని తెల్లవార్లూ ఆడుతుంది. ఆ నెలంతా రాజమణి పసిపిల్లలా నిద్రపోతుంది. కరెంటు పోయినప్పుడు సందులో అందరూ ఉక్కపోతకు లేస్తే, ఆమె నిశ్శబ్దానికి అదిరిపడి లేస్తుంది.

నిద్ర పట్టకపోవడంతో ఆగితే బాధ లేదు. నిద్ర లేని రాజమణి మర్నాడు నిజాలు చెప్పేస్తుంది. మనసులోది మనసులో ఉన్నట్టే జారి బయట పడుతుంది. కూతురు రూప పెళ్లి ఊరి బయట ఓ తోటలో జరిగింది. కోయిల కూత తప్ప ఏ చప్పుడూ లేని చోటు. రాజమణి రెండు రాత్రులు కళ్లు తెరుచుకునే ఉంది. మూడో రోజు రిసెప్షన్‌లో పిల్లలను దీవించమని మైకు చేతికిస్తే, పక్కనున్న వియ్యపురాలు నాగమణమ్మ వైపు తిరిగి, ఊరంతా వినేలా, "ఒదినె, మీ సవరం ఊడొస్తాంది, జర సూస్కోండ్రి" అంది.

నాగమణమ్మ బతుకమ్మ పండుగ దాకా ఆమెతో మాట్లాడలేదు. అమ్మకు జ్వరం మందులు పడక అలా అనేసిందని రూప అత్తగారికి సర్దిచెప్పుకుంది.

ఇప్పుడు నాగమణమ్మ భర్త వైకుంఠానికి అరవై నిండుతున్నాయి. వాళ్లది మూడు తరాల నుంచి ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ దుకాణం, సైదాబాద్‌లో సొంత ఇల్లు. కొడుకు ప్రణీత్ తండ్రి షష్టిపూర్తిని ఓడలో చేస్తానన్నాడు. చెన్నైలో ఎక్కడం, మూడు రాత్రులు సముద్రం మీద, చివరి రోజు పొద్దున్న పూజ. అత్తామామలు రాకపోతే ఎలా అని శివయ్యను, రాజమణిని కూడా పిలిచాడు.

రూప ఆ సాయంత్రమే గిర్నికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, గీసారి నువ్వు పండుకోవాలె. ఎట్లనన్న పండుకోవాలె. మా అత్తమ్మ ఇప్పుడిప్పుడే నాతోని మంచిగ మాట్లాడుతాంది. మళ్ల లొల్లయితే నేను ఆ ఇంట్ల ఎట్లుండాలె?"

"ఫోన్ల గిర్ని సప్పుడు ఎక్కిచ్చుకుందం. పండుకునేటప్పుడు మెత్త కింద పెట్టుకుంటది," అన్నాడు శివయ్య.

"మీ అక్క ఇంట్ల పెట్టి సూడలేదా? ఉత్త సప్పుడుతోని ఏమైతది? మంచం ఊగాలె," అంది రాజమణి. అప్పటికే ఆమెకూ భయంగానే ఉంది. కూతురి కాపురం తన నోటి మీద వేలాడుతోందని తెలుసు.

గదులు ఎంచుకునే రోజు అందరూ సైదాబాద్ ఇంట్లో కూడారు. టికెట్లు చూసే వెస్లీ అనే కుర్రాడు ఓడ పటాన్ని టీపాయ్ మీద పరిచాడు. మొదటి వంతు నాగమణమ్మది.

"మా నెత్తి మీద ఎవ్వరు నడవొద్దు. కిరాయికున్నోళ్లు కింద, ఇంటోళ్లు మీద. అన్నిటికన్న మీది వరస ఇయ్యి. బాల్కనీ ఉండాలె. ఈశాన్యం మూలకు సూడు."

"ఆంటీ, ఓడ తిరుగుతది. పొద్దున ఈశాన్యం ఉన్నది మాపటికి నైరుతి అయితది."

"తిప్పొద్దని కెప్టెన్‌కు చెప్పు."

వెస్లీ తల ఊపి రాసుకున్నాడు. తర్వాత రాజమణి వైపు తిరిగి, పటం మీద ఎర్రగీతలు గీశాడు. "ఆంటీ, ఈ రూములు మాత్రం తీస్కోవద్దు. ఇది ఇంజను మీద, అదురుతది. ఇది వంటిల్లు కింద, గిన్నెల సప్పుడు. ఇది లంగరు పక్కన, గొలుసు ఇడిస్తె చెవులు పలుగుతయ్."

రాజమణి కళ్లు మిఠాయి దుకాణం ముందు నిలబడినట్టు మెరిశాయి.

"బిడ్డా, వీటిల అన్నిటికన్న ఎక్కువ ఊగేది ఏది?"

"మీరు ఫికర్ చెయ్యకండి ఆంటీ, ఊగనిదే ఇస్త."

"అయ్యో, ఊగేదే కావాలె!"

"వాంతులైతయ్ ఆంటీ."

"అయితె నీకైతయ్. ఇంజను మీదిది రాయి."

నాగమణమ్మ ముఖం ముడుచుకుంది. "ఏందొదినె, మేము మీద పండి మిమ్మల్ని ఇంజను మీద పండవెట్టినమని నలుగురు అనుకోవాల్నా?"

రూప మధ్యలో దూరింది. "అమ్మకు పైకెక్కితే కళ్లు తిరుగుతయ్ అత్తమ్మా."

"మొన్న మా డాబా మీద వడియాలు పెట్టింది గద?"

"వడియాలకైతే తిరగవు."

ఏదైతేనేం, ఇంజను మీది గది రాజమణిదైంది. అడుగు వరసలో, ఓడ వెనక భాగాన, కిటికీ కూడా లేనిది. చెన్నై చేరేదాకా ఆమె దాన్నే తలుచుకుని మురిసింది.

గదిలో కాలు పెట్టగానే ఆమె చేసిన మొదటి పని, గోడకు అరచెయ్యి ఆనించడం. గిర్ని సరిగా ఆడుతోందో లేదో చూసినట్టు చూసింది. ఏమీ లేదు. నేల మీద చెయ్యి పెట్టింది. మంచం కోడు పట్టుకుంది. ఏమీ లేదు. సామాను తెచ్చిన పనివాడు గర్వంగా, హిందీలో, ఇది కొత్త ఓడ అమ్మా, లోపల ఇంజను ఉన్నట్టే తెలియదు అన్నాడు.

"మరి నడుస్తదా ఇది?" అంది రాజమణి నీరసంగా.

సముద్రం కూడా ఆ రాత్రి పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా పడుకుంది. మంచాన్ని ఊపుదామని శివయ్య వంగితే, దాన్ని నేలకు బిగించి పెట్టారు. సరేనని పరుపు అంచు పట్టుకుని కుదుపుతూ కూర్చున్నాడు. కుదుపుతూ కుదుపుతూ అతనే నిద్రపోయాడు. రాజమణి తెల్లవార్లూ గది కప్పు చూస్తూ, తనకు తెలిసిన దేవుళ్లందరినీ చిన్న తుఫాను ఒకటి పంపమని అడిగింది.

పొద్దున్న టిఫిన్ల దగ్గర రూప తల్లి కళ్లు చూసింది.

"పన్నవా?"

"లే."

రూప మరో మాట లేకుండా ఒక ఇడ్లీ తల్లి నోట్లో పెట్టింది. నిండిన నోటితో ఎవరూ నిజాలు చెప్పలేరని ఆమె ఆలోచన. అప్పుడే వైకుంఠం వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిక్కరు వేసుకున్నాడు, పైన చిలకల చొక్కా.

"ఎట్లున్న చెల్లె?" అన్నాడు మురిపెంగా, ఓ చుట్టు తిరిగి.

రాజమణి గొంతులోకి నిజం వచ్చేసింది. రూప గారె అందించింది. రాజమణి తల మాత్రం ఊపింది.

వెనకే నాగమణమ్మ నల్లద్దాలు పెట్టుకుని వచ్చి, వైకుంఠం చెల్లెలు నీలమ్మ పక్కన కూర్చుంది. రూము ఎలా ఉందని నీలమ్మ అడిగితే, "బ్రహ్మాండంగ ఉన్నది, పడంగనే నిద్రవట్టింది," అంటూ కాఫీలో సాంబారు పోసుకుంది.

"ఏం పట్టింది?" అన్నాడు వైకుంఠం. "రాత్రంత నెత్తి మీద డ్యాన్సులు. డాం డాం డాం. ప్యాసింజర్ రైలు బెర్తు ఊగినట్టు మంచం ఊగె."

"మీకన్నీ పరేషాన్లే. మన మీద రూము ఎక్కడిది? మనదే మీది వరస."

"రూము లేదే తల్లీ. డ్యాన్సు జేసే జాగ ఉన్నది."

రాజమణి గారెను మింగింది. రూప ఇంకో ఇడ్లీ తుంచేలోపే అది జరిగిపోయింది.

"ఒదినె, నాకు మీ రూము కావాలె."

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. నీలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. శివయ్య దోసెను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని శ్రద్ధగా చూడసాగాడు. రూప కళ్లు మూసుకుంది.

రాజమణి ఆగలేదు. "మంచం ఊగకపోతే నాకు నిద్రవట్టది. నిద్రవట్టకపోతే నోరు ఆగది. పెండ్లిల గూడ గదే అయ్యింది, జొరం లేదు గిరం లేదు. ఇప్పుడు గూడ అన్నయ్య నిక్కరు మీద ఒక మాట గొంతుల అడ్డం వడ్డది. మస్తు కష్టం మీద ఆపుతున్న."

వైకుంఠం రుమాలు తీసి ఒళ్లో పరుచుకున్నాడు.

నాగమణమ్మ నెమ్మదిగా నల్లద్దాలు తీసింది. కళ్లు ఎండుమిరపకాయల్లా ఉన్నాయి.

"మీ రూముల సప్పుడుంటదా?" అంది గొంతు తగ్గించి.

"ఏమీ లేదు. సూది పడ్డా ఇనవడ్తది. దరిద్రపు రూము."

"ఎలుగు?"

"కిటికే లేదు. బాయిల ఉన్నట్టుంటది."

నాగమణమ్మ లేచి నిలబడింది. పట్టుచీర కట్టినంత ఠీవిగా బంధువులందరినీ ఒకసారి చూసింది. "మా ఒదినె నోరు తెరిచి అడిగింది. కాదంటనా? బాల్కనీ ఎంత, సముద్రమెంత! ఇచ్చేస్తున్న," అంది. నీలమ్మ కళ్లు తుడుచుకుంది. అందరూ చేతులు కడుక్కునేలోపే పెట్టెలు ఇటువి అటు, అటువి ఇటు మారిపోయాయి.

ఆ రాత్రి పైన రెండో పాట మొదలయ్యేసరికి రాజమణి నిద్రలో ఉంది. పాట జోరు పెరిగినకొద్దీ ఆమె ముఖం విప్పారుతూ వచ్చిందని శివయ్య చెప్పాడు. మర్నాడు రాత్రీ అదే.

చివరి రోజు పూజకు పంతులు అన్నీ సర్దుకున్నాడు. వైకుంఠం పట్టుపంచెలో పీటల మీద కూర్చున్నాడు. పక్క పీట ఖాళీ. ముహూర్తం దగ్గర పడుతోంది, పెళ్లికూతురు కావలసిన నాగమణమ్మ లేదు. కిటికీ లేని గదిలో తెల్లారిన సంగతే ఆమెకు తెలియలేదు. పైన రాజమణి కూడా ఇంకా లేవలేదు. ప్రణీత్ కిందికి, రూప పైకి పరుగెత్తారు.

పంతులు గొణగడం మొదలుపెట్టేసరికి వియ్యపురాళ్లిద్దరూ చెరో వైపు నుంచి వచ్చారు. చీర కుచ్చిళ్లు సరిగా కుదరలేదు, తల దువ్వుకోలేదు, బుగ్గల మీద దిండు గీతలు. రూప భయంగా అత్తగారిని చూసింది.

నాగమణమ్మ పీట మీద కూర్చుంటూ కోడలిని దగ్గరకు పిలిచింది. "మీ అమ్మను పొద్దుగాల్నే ఎందుకు లేపిన్రు? పాపం, పండుకోనియ్యకపోయిన్రా?" అని కసిరింది. రూపకు ఆ తిట్టు ఎంత తీపిగా ఉందో, ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

వియ్యపురాలి కోసం బాల్కనీ వదులుకున్న సంగతి నాగమణమ్మ సైదాబాద్‌లో ఇంకా చెప్తూనే ఉంది. ఇక్కడ రాజమణి అవునవునని సందంతా వినేలా వంత పాడుతుంది.

మొన్న గిర్నిలో నా పక్కనున్న ముసలాయన, సముద్రం ఎట్లుంటది బిడ్డా అని అడిగాడు. రాజమణి పిండి చేతులు దులుపుకుంది.

"నేను సూడలే బాపు. పర్దా తియ్యనే లేదు. మా ఒదినె గూడ సూడలే." మోటారు వైపు తిరిగి కేకేసింది. "ఓ శివయ్యా! సముద్రం ఎట్లుండెనో చెప్పు!"

శివయ్య గోధుమలు పోస్తూ, తల ఎత్తకుండానే, "నీళ్లున్నయ్" అన్నాడు.