గోడలో సందు

మాది గోదావరి కాలువల పక్క ఊరు. నీళ్ల గురించి నాకు ఒకరు చెప్పాలా అన్న పొగరు చాలాకాలం ఉండేది. శామీర్‌పేట వైపు హైదరాబాదు శివారులోని కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాక కూడా అది తగ్గలేదు. పైగా నన్ను కాలనీ సంఘానికి కార్యదర్శిని చేశారు. ఇక అడగాలా!

వెనక ఖాళీ స్థలంలోంచి పాములు వస్తున్నాయని ప్రహరీ కట్టాలనుకున్నాం. ఆ సంగతి తేల్చుకునే సమావేశంలో మా వీధులు ఊడ్చే ఆమె టీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మా మాటలు విని ఉండబట్టలేకపోయింది.

"సారూ, గాడ గోడ పెట్టకుండ్రి. అది కాల్వ. తుంగ మొలిసింది సూడుండ్రి. తుంగ ఉన్నకాడికి నీళ్లు మల్లొస్తయి. పెడితే నడుమ సందన్న ఇడువుండ్రి."

ఆమె తండ్రి ఒకప్పుడు ఊరి చెరువుకు నీరటి. తూము తెరిచి, పార భుజాన వేసుకుని, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే మనిషి. ఊరంతా ఆయన వదిలిన నీళ్లతో పండించుకుంది గానీ, ఆయన్ని ఎవరూ గుమ్మం దాటనివ్వలేదట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం నవ్వాను. కాలువంటే మా వైపు పడవ పోయేంత ఉంటుంది. ఎండిపోయి, చెత్త పేరుకున్న ఆ పల్లం నా కంటికి ఆనలేదు. "సరేలేమ్మా, చూద్దాం" అని, మినిట్స్ పుస్తకంలో 'ఇతర విషయాలు: ఏమీ లేవు' అని రాసి సంతకం పెట్టాను.

గోడ లేచింది. మరుసటి వానాకాలంలో కాలనీకి ఎగువనున్న చెరువు నిండి అలుగు పారింది. నీళ్లన్నీ మా వీధుల్లోకి వచ్చి, బయటికి పోయే దారి లేక గోడ దగ్గర నిలిచాయి. చివరి ఇల్లు మాదే. మోకాలి ఆపరేషనై మా ఆవిడ కింది గదిలో మంచం మీద ఉంది. నీళ్లు గడప దాటి మంచం కోళ్లదాకా వచ్చాయి. ఆమె మెట్లెక్కలేదు, నేను మొయ్యలేను. ఎవరికి ఫోన్ చేసినా ఎత్తరు. జీవితంలో అంతగా ఎప్పుడూ భయపడలేదు.

అప్పుడు వచ్చింది ఆ వీధులు ఊడ్చే ఆమె, భర్తనూ గడ్డపారనూ వెంటబెట్టుకుని. మోకాలి లోతు నీళ్లలో గోడ వెంట నడుస్తూ పాదంతో అడుగంతా తడిమింది. తుంగ వేళ్లు తగిలిన చోట ఆగింది.

"గీడ పొడువు. పొడిసి జల్దీ పక్కకు జరుగు" అంది భర్తతో.

నాలుగు పోట్లకు ఇటుకలు జారాయి. నీళ్లు హోరుమని బయటికి పరుగెత్తాయి. గంట తిరిగేసరికి మంచం కింద నేల కనిపించింది.

మా ఆవిడ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "నువ్వు చెప్పావమ్మా, నేనే వినలేదు" అన్నాను.

"ఇగనన్న ఇనుండ్రి" అంటూ తడిసిన కొంగు పిండుకుంది.

తర్వాతి సమావేశానికి ఆమెను పిలిచాం. కుర్చీ చూపిస్తే గుమ్మం వైపు చూసింది. మా ఆవిడ చేతికర్ర ఆనించుకుని లేచి, తన పక్క కుర్చీ లాగితే గానీ కూర్చోలేదు. గోడలో సందు ఎంత వెడల్పుండాలో రెండు చేతులూ చాచి చూపింది. గోడ పనికి పిలిపించిన ఇంజనీరు టేపు పెట్టి కొలిచి రాసుకున్నాడు. నేను పాత పేజీ తీసి, 'ఏమీ లేవు' కొట్టేసి, ఆమె అన్న మాట ఆమె పేరుతోనే రాసి పైకి చదివాను.

"గట్ల గాదు సారూ" అంది. "గా మాట నాది గాదు, మా నాయినది. ఆయన పేరు ఎన్నడు ఎవ్వలు రాయలే. ఆయనదే రాయుండ్రి."

రాశాను. ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఆ పేరు మీద వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.